ముఖం చూడని చేతులు

పోయిన వారం మట్టి అమ్మమ్మను కిటికీ దగ్గర నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో సగం తడిపిన గుడ్డ ఉంది, మోచేతుల దాకా ఎండిన మట్టి ఉంది, ఏప్రన్ జేబులో నాలుగు మడతలు పెట్టిన అధికారి ఉత్తరం ఉంది. చిత్రశాల వెనుకభాగంలోని మట్టిగదిని ఖాళీ చేయించి అక్కడ కార్డులూ కప్పులూ అమ్మే దుకాణం పెట్టబోతున్నామనీ, శుక్రవారంనాడు మనుషులు వచ్చి బల్లలూ అలమరలూ మట్టితొట్టీ తీసుకుపోతారనీ ఆ ఉత్తరంలో రాశారు. ఆనాడు గురువారం. బడిపిల్లలు ఆ గదికి రావడం అదే కడపటిసారి. బస్సు గేటు ముందు ఆగింది. ముప్పై ఒక్కమంది పిల్లలు దిగారు. వాళ్ళ వెనుక, మెట్టుమెట్టుకీ మోకాలు పట్టుకుంటూ, ఆ బడి పెద్ద పంతులమ్మ దిగింది. ఆ పంతులమ్మ మట్టి అమ్మమ్మకు తోడబుట్టిన చెల్లెలు. అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పంతొమ్మిదేళ్ళయింది.

మట్టి అమ్మమ్మ అన్నది పిల్లలు పెట్టిన పేరు. నిజానికి ఆమె ఎవరికీ అమ్మమ్మ కాదు, అమ్మా కాదు. వారంలో అయిదు రోజులు పిల్లల కేకల మధ్య గడిపి, మిగిలిన రెండు రోజులూ ఒక కిటికీ, ఒక మంచం, ఒక గ్లాసు ఉన్న గదిలో ఆమె గడిపేది. ఆ రెండు రోజుల్లో ఆమె నోరు విప్పవలసిన అవసరం దేవుడి ముందు తప్ప మరెక్కడా కలిగేది కాదు. అందుచేత సోమవారం ఉదయం మొదటి పలుకు బయటికి రావాలంటే రెండుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చేది. ఆ సంగతి కనిపెట్టినవాడు ఒక్క గేటు కావలివాడే. అతడు సోమవారాలు కావాలనే ఆమెతో ఏదో ఒక పనికిమాలిన మాట కల్పించుకునేవాడు.

అది సోమవారం కాకపోయినా ఆవేళా కల్పించుకున్నాడు.

"చెల్లెమ్మా, ముప్పై ఒక్కమంది. అంటే అరవై రెండు చేతులు. గోడలు జాగ్రత్త."

"గోడలకేం అన్నా, రేపట్నుంచి వాటికి అద్దాల బీరువాలు వస్తాయిగా."

"నీ మొహమేంటి అలా పాలిపోయింది?"

"ఎండ," అంది ఆమె. ఆకాశం ఉదయం నుంచీ మబ్బుపట్టే ఉంది. కావలివాడు పైకి చూసి, మళ్ళీ ఆమెను చూసి, గేటు బార్లా తెరిచాడు.

పిల్లలను ముందుగా పెద్ద హాలులోకి తీసుకువెళ్ళడం ఆనవాయితీ. తలుపు దగ్గరే ఆమె అందరినీ నిలబెట్టి, రోజూ చెప్పే మాటే చెప్పింది. "ఇక్కడ మాట్లాడొచ్చు, నవ్వొచ్చు, ప్రశ్నలు అడగొచ్చు. పరుగెత్తడం మాత్రం కుదరదు. ఎవరూ, ఎందుకూ, ఎప్పుడూ పరుగెత్తకూడదు."

హాలు నడుమ నిలువెత్తు రాతివిగ్రహం ఒకటి ఉంది. స్త్రీమూర్తి. మెడలోని హారం పూస పూసగా కనబడుతుంది, వేళ్ళ గోళ్ళు కూడా స్పష్టంగా ఉన్నాయి, ముఖం మాత్రం లేదు. ఎన్నో వందల ఏళ్ళ వానలు ఆ కళ్ళనూ ముక్కునూ పెదవులనూ నున్నగా కడిగివేశాయి.

"ఈవిడ మొహం ఎవరు తినేశారు?" అని అడిగింది ముందు వరుసలోని కళ్ళజోడు పాప.

"వాన తినేసిందమ్మా."

"వానకి ఆకలేస్తుందా?"

"వేస్తుంది. కానీ మెల్లిగా తింటుంది, మీలాగా ఎగబడదు."

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వులో కలవని మనిషి ఒక్కతే, పెద్ద పంతులమ్మ. హాలు వెనుక గోడవారగా నిలబడి చూపుడువేలు ఆడిస్తూ తలలు లెక్కపెడుతోంది. లెక్క మట్టి అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"కొంచెం పక్కకి జరగండి. పిల్లలు కనపడ్డం లేదు."

మట్టి అమ్మమ్మ జరిగింది. తాను జడలల్లి, పలక మీద చెయ్యిపట్టి రాయించిన చెల్లెలి నోట 'అండీ' అనిపించుకోవడం ఆమెకు అదే మొదలు. మనిషిని దూరం పెట్టడానికి మర్యాదను మించిన గోడ లేదని ఆమెకు ఆ నిమిషాన అర్థమయింది.

మట్టిగదిలో పొడుగాటి బల్లలు రెండు, గోడలకు చెక్క అలమరలు, కిటికీ కింద రేకుతొట్టి ఉన్నాయి. తొట్టికి అడుగున నాలుగు చక్రాలు. వాటిని బిగించినవాడు వాళ్ళ నాన్న. ఆ గదిలో మొట్టమొదట పిల్లల చేతికి మట్టి ఇచ్చినవాడూ ఆయనే. ఆయన పోయాక ఆ పని పెద్దకూతురికి వచ్చింది.

"మీరు చూసిన రాతి అమ్మకి మొహం లేదు కదా," అంటూ ఆమె ఒక్కొక్కరి ముందూ పిడికెడు మట్టి పెట్టుకుంటూ పోయింది. "ఇప్పుడు మీరందరూ ఆవిడకి తలా ఒక మొహం చెయ్యాలి. మీకు ఎలా తోస్తే అలా. చేశాక బొమ్మ అడుగున పుల్లతో మీ గుర్తు గీసుకోండి. వచ్చే వారం మీ బడికి పంపిస్తారు. గుర్తు లేని బొమ్మ ఎవరిదీ కాదు. అది తొట్టిలో పడుతుంది, నానుతుంది, మళ్ళీ మట్టవుతుంది."

"పాపం కదా?" అంది కళ్ళజోడు పాప.

"పాపమే. అందుకే తొట్టిలో వేసేటప్పుడు బొమ్మ మొహం చూడకూడదు. అడుగు మాత్రమే చూడాలి. మొహం చూస్తే చెయ్యి ఆడదు."

ఆ మాట పూర్తయ్యేలోగా తలుపు దగ్గరి కుర్చీ కిర్రుమంది. చెల్లెలు లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది.

ఆ మాట వాళ్ళ నాన్నది. అక్కచెల్లెళ్ళ నడుమ పంతొమ్మిదేళ్ళ అగాధాన్ని తవ్విందీ ఆ మాటే. వారం వారం ఈ కథ చదువుతున్నవారికి తెలిసినదే అయినా, కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. భార్య పోయిన తరువాత ఆ పెద్దమనిషి ఎవరినీ చూడనివ్వక, జానెడెత్తున భార్య ముఖం మట్టితో చేశాడు. చిన్నకూతురికి ఇస్తానని నోటితో అన్నాడు. అది ఎండింది, కాల్చడానికి ముందే ఆయన కాలం చేశాడు. దాన్ని ఆయన తన గదికి పట్టుకుపోయాడనే పెద్దకూతురు అనుకుంది. ఆయన పోయిన మరుసటి శనివారం, ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక, ఆమె మట్టిగదికి వచ్చి అలమర సర్దింది. గుడ్డలు కప్పిన బొమ్మలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ వంచి అడుగు చూసింది. గుర్తు లేనివాటి మీది గుడ్డ లాగి, కళ్ళు పక్కకు తిప్పుకుని, తొట్టిలోకి జారవిడిచింది. ఎండిన మట్టి నీళ్ళలో పడితే గంటలో కరిగిపోతుంది. మరునాడు చెల్లెలు బొమ్మ కోసం వచ్చింది. తొట్టిలో బురద తప్ప మరేమీ లేదు.

'నాన్న నాకిస్తానన్నాడనే కదూ, అమ్మ మొహాన్ని నీళ్ళపాలు చేశావు!' అన్నది చెల్లెలు అక్కతో ఆడిన కడపటి మాట. కాదని చెప్పడానికి అక్కకు నోరు రాలేదు. అడుగు చూసిన మాట నిజం; గుర్తు లేని మాట నిజం; అయినా ముంచినవి తన చేతులే కదా!

ఇక మట్టిగదిలోకి వద్దాం.

కళ్ళజోడు పాప ఊరుకునే రకం కాదు. పెద్ద పంతులమ్మ చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. "మీరూ చెయ్యండి మేడమ్. క్లాసులో అందరూ చెయ్యాలని మీరేగా అంటారు!"

"నా చేతులకి మట్టి పడదమ్మా."

"అబద్ధం," అంది మట్టి అమ్మమ్మ. అనాలని అనలేదు, నోరు జారింది. "చిన్నప్పుడు మీ మేడమ్ చేతుల్లో మట్టి లాక్కుంటే గాని అన్నానికి వచ్చేది కాదు."

పిల్లల తలలన్నీ పైకి లేచాయి. "మీకు మా మేడమ్ తెలుసా?"

"తెలుసు."

"చిన్నప్పుడు అల్లరి చేసేవారా?"

"చెప్తే నా ఉద్యోగం పోతుంది," అంది ఆమె. ఉద్యోగం రేపటితో ఎటూ పోతోందన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. చెల్లెలి ముందు కూడా పిడికెడు మట్టి పెట్టి, ఎదురుగా కూర్చుంది.

చెల్లెలు మట్టిని ముట్టుకోకుండా ముందు దానివైపే చూసింది. తరువాత బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. ఆ నొక్కులోనే వేళ్ళకు పాత విద్య జ్ఞాపకం వచ్చినట్టుంది. కనుగుంటలు రెండూ ఒక్క కొలతలో దిగాయి.

"ఇంకా అదే తొట్టా?" అని తల ఎత్తకుండానే అడిగింది.

"అదే."

"మార్చలేదా?"

"తొట్టీ మార్చలేదు, మట్టీ మార్చలేదు." మట్టి అమ్మమ్మ గొంతు బాగా తగ్గింది. "నాన్న అడుగంటా ఖాళీ చెయ్యొద్దనేవాడు, గుర్తుందా? పాతమట్టి కలిస్తేనే కొత్తమట్టి మాట వింటుందని. నేను పైపైన కొత్తది కలుపుతూ వచ్చాను. అడుగుది అడుగునే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా తవ్వి, పిసికి, మళ్ళీ..."

చెల్లెలి వేళ్ళు ఆగిపోయాయి.

"అంటే ఇది..."

"ఎంత ఉందో నాకు తెలీదు. చిటికెడుంటుందేమో. కానీ ఉంది."

"మట్టి అమ్మమ్మా, నా దానికి ముక్కు ఊడిపోయింది!" అని అవతలి బల్ల నుంచి ఒక కేక.

"రెండువైపులా పుల్లతో గీతలు గియ్యమ్మా. గీతల మీద తడిమట్టి రాసి అతికించు. ఊరికే అద్దితే నిలవదు." మళ్ళీ చెల్లెలి వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి ఎవరున్నారు? ప్రతి పిల్లకీ పిడికెడు మట్టి ఇచ్చేటప్పుడు మాత్రం, ఇవాళ అమ్మ ఈ పిల్ల చేతిలో ఉందేమో అనుకునేదాన్ని. ఎవరైనా విసిరి కొడితే నా గుండె జల్లుమనేది. ఎవరైనా బాగా చేస్తే ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టేది."

చెల్లెలు తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. తుడుచుకోలేదు.

"చేతులు కడుక్కునే టైమయింది, పదండి పదండి!" అంటూ బడి తరఫున వచ్చిన ఆటల మాస్టారు పిల్లలను నడవా చివరి కొళాయిల దగ్గరికి తోలుకుపోయాడు. ముప్పై ఒక్క ముఖాలు బల్లల మీద, అక్కచెల్లెళ్ళు బల్లకు చెరొకవైపు మిగిలారు. దూరంగా కొళాయి చప్పుడు, పిల్లల కేరింతలు వినబడుతున్నాయి.

"ఇక్కడికి వచ్చే బడుల జాబితాలో మా బడి లేదు," అంది చెల్లెలు. "గది మూసేస్తున్నారని విని, నేనే అడిగి పేరు రాయించాను."

"ఎందుకూ?"

"చెప్పడానికి. ఈ గదిలోనే చెప్పాలి. ఇది పోతే ఇంకెక్కడా చెప్పలేను." చెల్లెలు చేతిలోని పుల్లను బల్ల మీద అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి, చివరికి వదిలేసింది. "నాన్న పోయిన మర్నాడు నేను ఇక్కడికి వచ్చాను. అమ్మని చూసుకుందామని. గుడ్డ తీశాను. ఎంత బాగా చేశాడక్కా! కింద పెదవి పక్కన ఆ పుట్టుమచ్చ కూడా... తర్వాత వంచి ముందువైపు అడుగు చూశాను. అక్కడ ఒక గీత ఉంది."

ఆ ఇంట్లో పెద్దపిల్ల గుర్తు ఒక గీత. చిన్నపిల్లది రెండు గీతలు. గ్లాసులకూ పలకలకూ దువ్వెనలకూ అన్నింటికీ అవే గుర్తులు.

"నాకిస్తానని, నీ గీత గీశాడు. ఒళ్ళు మండిపోయింది. వేలు తడి చేసుకుని రుద్దేశాను. ఎండినమట్టి కదా, రెండు రుద్దుల్లో పోయింది. బొమ్మని మళ్ళీ నిలబెడుతూ వెనకవైపు పట్టుకుంటే వేళ్ళకి ఏదో తగిలింది." చెల్లెలు చూపుడువేలినీ నడిమివేలినీ బల్ల మీద ఆనించింది. "ఇంకో రెండు గీతలు ఉన్నాయక్కా. అది మనిద్దరికీ ఇచ్చాడు."

మట్టి అమ్మమ్మ చూపు కిటికీ కింది తొట్టి మీదికి పోయింది.

"నీది చెరిపి, నాది మాత్రం ఉంచుకుంటానా? ఏ మొహం పెట్టుకుని? అవీ చెరిపేశాను. పొద్దున్నే వచ్చి మూడూ మళ్ళీ గీద్దామనుకున్నా. చుట్టాలు, కాగితాలు... వారం గడిచిపోయింది. శనివారమన్నా రావాల్సింది, ఆదివారం వచ్చాను. ఒక్కరోజు. తొట్టిలో నీళ్ళు చూశాక నీ మీద అరిచాను. నేను అరవకపోతే, నువ్వు అడిగేదానివి. గుర్తు ఎందుకు లేదూ అని."

"పంతొమ్మిదేళ్ళు, బుల్లీ," అంది అక్క.

ఆ పిలుపు విని తలుపు దగ్గర ఎవరో కిచకిచ నవ్వారు. కళ్ళజోడు పాప తడిచేతులు గౌనుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "మేడమ్ పేరు బుల్లి అట!" అంటూ ఆ శుభవార్త మోసుకుని నడవాలోకి తుర్రుమంది. "పరుగెత్తొద్దు!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. చిన్నప్పుడు ఒకే పాఠం ఒకే గొంతుతో అప్పజెప్పిన అలవాటు అది.

నవ్వు రావలసిన చోటే గాని రాలేదు. మట్టి అమ్మమ్మకు కోపమూ రాలేదు; వస్తే బాగుండేది. ఆ పంతొమ్మిదేళ్ళూ ఆమె ఒంటరితనానికి ఒక కారణం ఉండేది. తప్పు చేసినదానికి ఇది శిక్ష అని నమ్మి, సంధ్యవేళ భగవంతుడి ముందు అదే విన్నపం చేసుకుని, ఆ తప్పే తోడుగా అన్నం వండుకుని తిన్నది. ఇప్పుడు ఒక్క గుక్కలో ఆ తప్పును చెల్లెలు తీసేసుకుంది. తప్పు పోయింది, గదీ, మంచమూ, ఒక్క గ్లాసూ మాత్రం మిగిలాయి. వాటికి ఇక ఏ పేరు పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

"ఏదైనా అను, అక్కా. తిట్టు."

అక్క భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీదుగా జరిపింది. "చేతులు తుడుచుకో. ఆరితే చర్మం బిగుసుకుంటుంది."

గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. చెల్లెలు తువ్వాలు అందుకోలేదు. తలవంచుకుని, ఎదుటనున్న బొమ్మను రెండు చేతులతో వంచి, అడుగున పుల్లతో ఏదో గీసి, పిల్లల బొమ్మల వరుస చివర పెట్టింది.

"తొట్టిని రేపెప్పుడు తీసుకెళ్తారు?"

"పదింటికి."

"ఏడింటికల్లా వస్తాను. రెండు డబ్బాలు తెస్తాను. సగం నీకు, సగం నాకు. ఈసారి ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యను." అక్క ముఖంలోకి ఆశగా చూసింది. "రమ్మంటావా?"

మట్టి అమ్మమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుంది. "రా," అంది.

క్షమించానన్న మాట కాదది. అయినా ఆ ఒక్క అక్షరం పట్టుకుని చెల్లెలు మెట్లు దిగింది. అక్క గేటు దాకా వెంట నడిచింది. బస్సు కిటికీల నిండా చేతులు ఊగాయి. వెనుకసీటు అద్దం వెనుక ఊగకుండా ఆనించి పెట్టిన చెల్లెలి మట్టిచెయ్యి ఒక్కటి, బస్సు మలుపు తిరిగేదాకా ఆమెకు కనబడుతూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి నడవాలో నేల మీద రెండు తడిచారలు. మట్టిగది గుమ్మంలో మొదలై వెనుకతలుపు వైపు సాగిపోయిన చక్రాల జాడలవి. ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. కిటికీ కింద, తొట్టి ఉండవలసిన చోట, ఏళ్ళ తరబడి వెలుతురు ఎరగని నలుచదరపు నేల తెల్లగా కనబడుతోంది.

"చెల్లెమ్మా!" కావలివాడు ఆయాసపడుతూ వచ్చాడు. "వెనకగేటు తియ్యమని పిలిస్తే వెళ్ళాను. నీకు చెబుదామని ముందుగేటుకి వచ్చేలోపే... రేపు వాళ్ళకి వేరే చోట పనుందట. ఇవాళే వచ్చేశారు. ముందు తొట్టి ఎక్కించారు. వెనకగేటు దగ్గరే ఉన్నారు, దాన్ని కాలవలో బోర్లించి రేకు మాత్రం పట్టుకుపోతారట!"

ఆమె చూపు బల్ల మీదికి పోయింది. ముప్పై ఒక్క ముఖాలు. వరుస చివర ఇంకొకటి, అరచేతి వెడల్పున, వెనుకవైపు తిరిగి ఉంది. అలవాటైన చేతులు దాన్ని ముఖం చూడకుండానే ఎత్తి వంచాయి.

అడుగున, ముందువైపు ఒక గీత. వెనుకవైపు రెండు.

దాన్ని తిప్పి ముఖం చూసే ధైర్యం ఇంకా రాలేదు. ఏప్రన్ జేబులో, ఆ నాలుగు మడతల ఉత్తరం పక్కన పెట్టుకుని, పైనుంచి అరచెయ్యి అదిమి పట్టుకుంది. పెరటివైపు లారీ ఇంజను గుర్రుమంది.

వెనుకతలుపు గుండా అయితే చుట్టుదారి; హాలు అడ్డంగా పోతే వెనుకగేటు దగ్గరవుతుంది. ఎవరూ, ఎందుకూ, ఎప్పుడూ పరుగెత్తకూడదని కొన్నివేలమంది పిల్లలకు చెప్పిన ఆ తలుపు తోసుకుని, ముఖం లేని రాతితల్లి ముందునుంచి, మట్టి అమ్మమ్మ పరుగెత్తింది.